బాక్టీరియా వట్టి ఎంజైముల సంచి కాదు

"బాక్టీరియాకు కణ అస్థిపంజరం ఉండదు. దాని ఆకారమంతా కణకవచం ఇచ్చిందే. ఆక్టిన్, ట్యూబులిన్ నిజకేంద్రక జీవుల్లోనే పుట్టాయి. వాటికీ బాక్టీరియా ప్రోటీన్లకూ చుట్టరికం ఉందనేది ఊహ మాత్రమే, అమైనో ఆమ్లాల వరుసలు 20 శాతం కూడా కలవవు." పోటీ పరీక్షల నోట్సుల్లో, వాట్సాప్ గ్రూపుల్లో ఈ నాలుగు మాటలూ ఒకే కట్టగా తిరుగుతున్నాయి. కణ అస్థిపంజరమంటే కణం లోపల ఆకారాన్నీ విభజననూ నడిపే ప్రోటీన్ తంతువుల అల్లిక. ఆక్టిన్, ట్యూబులిన్ మన కణాల్లో అలాంటి తంతువులు కట్టే ప్రోటీన్లు. 1990కి ముందైతే మొదటి మాటను ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఇప్పుడు కూడా ఇంటర్ పిల్లల చేత అదే బట్టీ పట్టించడం అన్యాయం.

అస్థిపంజరం లేదన్న మాట సంగతి చూద్దాం. ఈ.కోలై రకాల్లో కొన్ని ఉంటాయి, వేడి పెంచితే విడిపోవడం మానేసి దారాల్లా సాగుతూ పోతాయి. అలాంటి వాటిలో దెబ్బతిన్న జన్యువుల్లో ఒకటి ఎఫ్‌టీఎస్‌జెడ్ అనే ప్రోటీన్‌ది. 1991లో శాస్త్రవేత్తలు ఎర్ఫే బీ, జో లుట్కెన్‌హౌస్ ఈ ప్రోటీన్ కణం మధ్యలో, సరిగ్గా రెండుగా చీలబోయే చోట, ఉంగరంలా చేరుతుందని చూపించారు. 2001లో కడ్డీ ఆకారపు బాక్టీరియా బాసిల్లస్ సబ్టిలిస్‌లో ఎంఆర్‌ఈబీ అనే ప్రోటీన్ తంతువులు కనిపించాయి. 2003లో కాలోబాక్టర్‌లో క్రెసెంటిన్ దొరికింది. ఆ బాక్టీరియా నెలవంకలా వంగి ఉంటుంది. క్రెసెంటిన్ తీసేస్తే నిటారు కడ్డీ అయిపోతుంది.

ఆకారం కవచానిదే అన్న రెండో మాటలో సగం నిజముంది, అది ఒప్పుకోవాలి. లైసోజైమ్ అనే ఎంజైముతో కవచాన్ని కరిగిస్తే కడ్డీ లాంటి బాక్టీరియా గుండ్రంగా అయిపోతుంది. కానీ ఆ కవచాన్ని ఎక్కడ కట్టాలో ఎవరు చెబుతున్నారు? కడ్డీ ఆకారపు బాక్టీరియాల్లో చాలావాటికి ఆ పని ఎంఆర్‌ఈబీది. అది లేకుండా చేస్తే కవచం ఉన్నా కణం ఉబ్బి గుండ్రంగా మారుతుంది. కవచం గోడ అయితే ఎంఆర్‌ఈబీ మేస్త్రీ.

ఇక అసలైన మాట, వరుసలు కలవవు కాబట్టి చుట్టరికం లేదన్నది. అంకె నిజమే. దాని నుంచి తీసిన నిర్ణయమే తప్పు. కోట్ల ఏళ్లలో అమైనో ఆమ్లాలు ఒక్కొక్కటిగా మారిపోతాయి, ప్రోటీన్ ముడుచుకునే తీరు మాత్రం అంత తొందరగా మారదు. 1998 జనవరిలో నేచర్ పత్రిక ఒకే సంచికలో రెండు నిర్మాణాలు వచ్చాయి: ఒకటి ట్యూబులిన్‌ది, మరొకటి యాన్ లోవ, లిండా ఏమస్ తేల్చిన ఎఫ్‌టీఎస్‌జెడ్‌ది. రెండింటి ముడతా ఒకటే. రెండూ జీటీపీ అనే శక్తినిచ్చే చిన్న అణువునే పట్టుకుంటాయి, దాన్ని పట్టే చిన్న వరుస కూడా దాదాపు అదే. అంతకంటే గట్టి సాక్ష్యం ఇంకొకటుంది. ఈ రెండింటిలోనూ ఒక్క ప్రోటీన్ అణువు తనంతట తాను జీటీపీని సరిగా విడగొట్టలేదు. పక్క అణువు వచ్చి అతుక్కుంటే, దాని నుంచి వచ్చే ఒక మెలిక ఆ పనిని పూర్తి చేస్తుంది. ఇంత వివరంగా రెండు చోట్లా యాదృచ్ఛికంగా కుదిరిందంటే నేను నమ్మలేను.

ఆక్టిన్ విషయం ఇంకా స్పష్టం. 1992లోనే బోర్క్, సాండర్, వాలెన్సియా వరుసలను పోల్చి, ఎంఆర్‌ఈబీది ఆక్టిన్ కుటుంబమని ముందే చెప్పారు. 2001లో థర్మోటోగా మారిటిమా అనే బాక్టీరియా నుంచి తీసిన ఎంఆర్‌ఈబీ నిర్మాణం ఆ మాటను నిజం చేసింది. తొమ్మిదేళ్ల ముందు చెప్పి, తర్వాత ప్రయోగంలో నెగ్గినదాన్ని ఊహ అని కొట్టిపారేయడం కుదరదు.

అయితే మూడో మాటను ఖండించే ఉత్సాహంలో "ఎఫ్‌టీఎస్‌జెడ్ మారి మన ట్యూబులిన్ అయింది" అని రాసేవారూ ఉన్నారు. అదీ సరికాదు. నేటి బాక్టీరియా ప్రోటీన్ మన ప్రోటీన్‌కు తాత కాదు, దూరపు దాయాది. మన ఆక్టిన్‌కు చాలా దగ్గరి రూపాలు ఆస్గార్డ్ ఆర్కియాలో, అంటే నిజకేంద్రక జీవులకు దగ్గరి బంధువులైన సూక్ష్మజీవుల్లో, దొరికాయి. వరి మొక్క కణంలోనైతే ఇద్దరు దాయాదులూ కలిసే ఉన్నారు: కణద్రవ్యంలో ట్యూబులిన్, హరితరేణువులు చీలడానికి సయనోబాక్టీరియా నుంచి వచ్చిన ఎఫ్‌టీఎస్‌జెడ్. క్రెసెంటిన్ సంగతి వేరు. మన కణాల్లోని మధ్యస్థ తంతువులు అనే మరో రకం అస్థిపంజర తంతువులతో దానికి పోలిక ఉన్నా, చుట్టరికం తేలలేదు.

ఎంఆర్‌ఈబీ కణమంతా స్ప్రింగులా చుట్టుకుని ఉంటుందన్న బొమ్మనూ ఇక పక్కన పెట్టాలి. 2011లో వేర్వేరు బృందాలు అది చిన్న చిన్న ముక్కలుగా కణం చుట్టూ అడ్డంగా తిరుగుతుందని చూపించాయి.

అన్ని బాక్టీరియాల్లో ఇవన్నీ ఉంటాయనీ అనుకోవద్దు. క్లమీడియాలో ఎఫ్‌టీఎస్‌జెడ్ లేదు, విభజన పని ఎంఆర్‌ఈబీతో నడుస్తుంది. క్షయ బాక్టీరియాలో ఎఫ్‌టీఎస్‌జెడ్ ఉంది, ఎంఆర్‌ఈబీ లేదు. క్షయ బాక్టీరియా కడ్డీ పక్కల వెంట కాకుండా రెండు కొనల దగ్గర పెరుగుతుంది, ఆ కొనల దగ్గర వాగ్31 అనే మరో ప్రోటీన్ ఆ పనిని నడిపిస్తుంది.