దరఖాస్తుల కోటి

నిరుద్యోగమంటే తీరిక అని మనలో చాలామందికి ఒక అపోహ ఉంది. ఆస్ట్రేలియా ప్రభుత్వం దానిని ఏనాడో పోగొట్టింది. అక్కడ ‘జాబ్‌సీకర్’ భృతి పుచ్చుకునేవారికి ఉండే విధికి పేరు ‘పరస్పర బాధ్యత’. ప్రభుత్వం భృతి ఇస్తుంది. పరస్పరంలో మిగిలినదంతా నిరుద్యోగి చూసుకుంటాడు. దీనికి తెలుగులో మొక్కుబడి అనే చక్కని మాట ఉంది, రెండర్థాల్లోనూ.

ఒకప్పుడు చాలామందికి నెలకు 20 ఉద్యోగ దరఖాస్తులు పెట్టాలన్న లెక్క ఉండేది. మన పెద్దలు రామకోటి రాసినట్టే ఇక్కడా పుణ్యమంతా రాతలోనే ఉంది, ఫలం పైవాడి చేతిలో ఉంది. 2014లో ప్రధాని టోనీ అబాట్ ప్రభుత్వం ఆ సంఖ్యను 40 చేయాలని సంకల్పించినప్పుడు, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి వేస్తే సరిపోతుందని ఉపాధి మంత్రి ఎరిక్ అబెట్జ్ వైద్యుడిలా మోతాదు కూడా చెప్పారు. పాపం, అడ్డుపడింది వ్యాపారులే. పనికిరాని దరఖాస్తులు గుట్టలుగా వచ్చిపడితే తమ గతేమిటని వారు మొత్తుకోవడంతో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. (వాటిని చదవడానికే కొందరిని పనిలో పెట్టుకుని ఉంటే నిరుద్యోగం కొంత తీరేది కదా!)

2022 జులైలో సంస్కరణ వచ్చింది. ఇప్పుడు ఆ ఇరవై లెక్క లేదు, చాలామంది నెలకు 100 పాయింట్లు సంపాదించాలి. ఒక్కో దరఖాస్తుకు 5. శిక్షణకూ ఇంటర్వ్యూకూ కూడా పాయింట్లు ఇస్తారు గానీ, అవి దొరకని ఊళ్ళో ఉన్నవాడు నూటిని ఐదుతో భాగించి చూసుకుంటే సంస్కరణ ఎంత దూరం వచ్చిందో తెలుస్తుంది.

ఈ లెక్కలు చూడడానికి 1998 నుంచి టెండరు వేసి పని దక్కించుకున్న ప్రైవేటు ఏజెన్సీలున్నాయి. కొత్తగా వలస వచ్చిన మనవాళ్ళకు సాధారణంగా నాలుగేళ్ళదాకా ఈ భృతి భాగ్యం లేదు. ఆ లోటు తీర్చడానికి వారం వారం ఫోన్ చేసి “ఏమన్నా వచ్చిందా నాయనా?” అని అడిగే పెదనాన్నగారు ఇంటి దగ్గరే ఉన్నారు. ఆయనకు టెండరు అక్కర్లేదు.

2023 జూన్‌లో అక్కడి రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నరుగా ఉన్న మిషెల్ బుల్లక్, ధరలు దిగిరావాలంటే నిరుద్యోగం దాదాపు 4.5 శాతానికి పెరగవలసి ఉంటుందన్నారు. అంటే కొందరు ఉద్యోగం లేకుండా ఉండడం దేశానికి అవసరం. వారు దానికోసం వెతుకుతూ ఉండడం చట్టానికి అవసరం. రెండింటినీ ఒకే మనిషి చేత చేయించగలగడం సామాన్య విషయం కాదు.

ఆ మనిషిని ఊహించుకోండి. వయసు యాభై ఏడు, గోడౌన్ మూతపడింది, ఊళ్ళో ఉన్నవి రెండు దుకాణాలు, ఒక పెట్రోలు బంకు. మూడింటికీ దరఖాస్తులు పెట్టి, మళ్ళీ పెట్టి, నెలాఖరు సాయంత్రం గ్రంథాలయంలో కంప్యూటరు ముందు కూర్చున్నాడు. 95 దగ్గర ఆగాడు. మూడు వందల కిలోమీటర్ల అవతల సెలూన్‌లో సహాయకుడు కావాలట. ‘జుట్టు కత్తిరించడంలో మీ అనుభవం?’ అన్న గడి దగ్గర తన బట్టతల ఒకసారి తడుముకుని, ‘గతంలో ఉండేది’ అని రాసి మీట నొక్కాడు. నూరు నిండింది. సెలూన్ నుంచి జవాబు రాలేదు. జవాబుకు పాయింట్లు లేవు కనుక ఆయనా ఎదురుచూడలేదు.