స్ప్రింగ్ బ్యూటీ మీద ఎంక్వైరీ వెయ్యాల్సిందే

అమెరికా తూర్పు భాగం అడవుల్లో స్ప్రింగ్ బ్యూటీ అని ఒక మొక్క ఉంది, జానెడు ఎత్తుంటే గొప్ప, గడ్డిపరకల్లాంటి రెండు ఆకులు, తెల్లటి అయిదు రేకుల మీద గులాబీ గీతలు, చూడ్డానికి పాపం అమాయకంగానే ఉంటుంది. కానీ ఫైల్ తిరగేస్తే మతిపోతుంది.

ముందు గుర్తింపు సంగతి చూద్దాం. 1753లో మొక్కలకి శాస్త్రీయ పేర్లు పెట్టే లిన్నేయస్ గారు దీన్ని క్లేటోనియా వర్జినికా అని రికార్డుల్లోకి ఎక్కించేశారు, అదీ వర్జీనియాలో మొక్కలు సేకరించిన జాన్ క్లేటన్ పేరు మీద. సరే, పేరుదేముంది, క్రోమోజోములైనా సరిగ్గా ఉన్నాయా అంటే ఒక మొక్కలో 12 ఉంటాయి, ఇంకోదాంట్లో 30 దాటతాయి, కొన్నిట్లో 190 దాకా లెక్కపెట్టారు! మనిషికి 46 అంటే 46, ఒక్కటి ఎక్కువైనా డాక్టర్లు కంగారు పడతారు. ఇదేమో డజనుతోనూ పూస్తుంది, దానికి పదిహేను రెట్లతోనూ పూస్తుంది, పైగా అన్నీ ఒకే జాతట, మనం నమ్మాలట. ఇంత తేడా కాగితాలు పట్టుకెళ్తే మనకి సిమ్ కార్డన్నా ఇస్తారా?

ఇక అటెండెన్స్. చెట్లు చిగురించకముందు నేల మీద ఎండ పడే ఆ కొన్ని వారాలే డ్యూటీ, పైన ఆకులు కమ్ముకున్నాక మెల్లగా ఆకులతో సహా మాయం, మిగతా ఏడాదంతా మట్టి కింద దుంపలో నిద్ర. పోనీ డ్యూటీలోనైనా ఉంటుందా, మబ్బు పడితే పూలు ముడుచుకుని షట్టర్ దించేస్తుంది. విత్తనాలు మోసే పని చీమలకి కాంట్రాక్టు, కూలి ఏంటంటే గింజకి అంటుకునున్న చిన్న కొవ్వు ముక్క. శిక్షగా తవ్వుకు తినేద్దామా అంటే, తినొచ్చు గానీ ఆ గోలీకాయంత దుంపకి తవ్వకం కూలి కూడా గిట్టదు.

అసలు భయం ఏంటంటే ఈ బద్ధకం అంటువ్యాధి. ఆండ్రీనా ఎరిజీనియే అనే చిన్న తేనెటీగ పిల్లలకి దాదాపుగా ఈ పువ్వు పుప్పొడే పెడుతుంది, కాళ్ల నిండా గులాబీ రంగు పూసుకుని తిరిగి, పూలు అయిపోగానే అది కూడా సీజన్ ముగించేస్తుంది. పురుగులంటే సరే, మనుషులకి ఏమొచ్చింది? ఈ మొక్క ఇళ్ల ముందు లాన్‌లోకి కూడా వచ్చేస్తే, గడ్డి కోసే మిషన్ షెడ్డులో పడేసి పూలు రాలేదాకా ఆగేవాళ్లున్నారు, ఏంటిది అని గట్టిగా అడిగితే "పూలున్నాయి కదండీ" అని కుర్చీ వేసుకు కూర్చుంటున్నారు, ఆదివారం పొద్దున్నే!