బోగీ ఫిరాయింపులకూ ఓ చట్టం కావాలి

సంక్రాంతికి సికింద్రాబాద్ నుంచి కోస్తా వైపు వెళ్లే రైళ్లు బుకింగ్ తెరిచిన కాసేపటికే నిండిపోతాయి. 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించారు. దీనివల్ల ప్రయాణికుడికి కలిగిన మేలు తక్కువేమీ కాదు. ఇదివరకు పండక్కి నాలుగు నెలల ముందే పట్టుకునే టెన్షన్ ఇప్పుడు రెండు నెలల ముందు పట్టుకుంటోంది.

సొంత గూటికి చేరడానికి ఇంత అవస్థ పడని వర్గం ఒకటుంది. మన నాయకులు. ఎన్నికల ముందు ఒక పార్టీ, ఫలితాలయ్యాక ఇంకోటి, గాలి తిరిగితే మళ్లీ మొదటిది. వాళ్లకు తత్కాల్ లేదు, వెయిటింగ్ లిస్టు లేదు, చార్టు కోసం గోళ్లు కొరుక్కునే పని లేదు. కండువా మెడలో పడగానే బెర్తు కన్ఫర్మ్. మనమేమో ఆర్‌ఏసీలో, సైడ్ లోయర్ మీద ముక్కూమొహం తెలియని పెద్దమనిషి పాదాల పక్కన ముడుచుకుని తెల్లవార్లూ కూర్చోవాలి.

ఈ అన్యాయం గురించి తీరిగ్గా ఆలోచించాను. (రైలు సిగ్నల్ దగ్గర ఆగిపోతే తీరికకేం కొదవ?) తప్పు మనుషులది కాదు, చట్టాలదని తేలింది.

స్లీపర్ టికెట్టుతో ఏసీ బోగీలో కూర్చుని చూడండి. టీటీఈ వస్తాడు, ఛార్జీ తేడాతో పాటు కనీసం 250 రూపాయల అదనపు రుసుము రాస్తాడు. విచారణ, తీర్పు, అమలు అన్నీ వచ్చే స్టేషన్ లోపే అయిపోతాయి.

పార్టీ ఫిరాయింపులకు 1985లో రాజ్యాంగంలో చేరిన పదో షెడ్యూలు ఉంది, గెలిపించిన పార్టీని వదిలితే పదవి ఊడుతుందని. అక్కడ టీటీఈ పని చేసేది స్పీకర్. ఆయన మామూలుగా అధికార పార్టీ నుంచి వచ్చినవారే, అంటే ఏసీ బోగీ ప్రయాణికుడే. పైగా ఎన్నాళ్లలో తేల్చాలో షెడ్యూలులో రాయలేదు. 2014 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 23 మంది వైసీపీ ఎమ్మెల్యేలు తెలుగుదేశంలోకి వెళ్లారు, నలుగురు మంత్రులు కూడా అయ్యారు. 2019లో రైలు గమ్యం చేరింది, టీటీఈ మాత్రం రాలేదు. తెలంగాణలో కాంగ్రెస్ వైపు నడిచారంటున్న 10 మంది బీఆర్ఎస్ ఎమ్మెల్యేల సంగతి మూడు నెలల్లో తేల్చమని 2025 జూలై 31న సుప్రీంకోర్టే చెప్పాల్సి వచ్చింది.

పదవి పోకుండా పార్టీ మారడానికి విలీనమని మరో గొప్ప సౌకర్యం ఉంది. పూర్వం మూడో వంతు సభ్యులు చీలినా చెల్లేది. 2003లో 91వ సవరణతో దాన్ని తీసేశారు. ఇప్పుడు మూడింట రెండొంతుల మంది కదలాలి. 2019 జూన్‌లో తెలంగాణలో మిగిలిన 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మంది టీఆర్ఎస్‌లో కలిశారు. అదే నెలలో రాజ్యసభలో ఆరుగురు తెలుగుదేశం ఎంపీల్లో నలుగురు బీజేపీలో కలిశారు. రెండుచోట్లా లెక్క వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయింది. మనవాళ్లకు బడ్జెట్ లెక్కలు రావని ఎగతాళి చేసేవాళ్లు ఈ లెక్క చూడాలి.

ఇదే వెసులుబాటు రైల్వేకూ ఇవ్వాలని కోరుతున్నాను. 72 బెర్తుల స్లీపర్ బోగీలో 48 మంది సామాన్లు, పిల్లలు, అప్పడాల డబ్బాలతో సహా ఏసీలోకి నడిస్తే అది అక్రమ ప్రయాణం కాదు, విలీనం. ఎందుకు వెళ్లారని అడిగితే బోగీ అభివృద్ధి కోసమే అంటారు. పాపం, ఒంటరిగా వెళ్లినవాడే ఫిరాయింపుదారు. వాడి దగ్గర 250 వసూలు చేయండి, నాకేం అభ్యంతరం లేదు.

బదులుగా టీటీఈలను డిప్యుటేషన్ మీద శాసనసభలకు పంపాలి. చార్టు పట్టుకుని వరసల వెంట నడుస్తూ "సార్, మీరు గెలిచిన టికెట్టు చూపించండి, కూర్చున్న సీటు నంబరు చెప్పండి" అంటే చాలు, మధ్యాహ్న భోజనం వేళకల్లా పదో షెడ్యూలు పని పూర్తవుతుంది. తత్కాల్ టికెట్టుకు 2025 జూలై నుంచి ఆధార్ ఓటీపీ పెట్టారు కదా, కండువా మార్చడానికీ అదే పెట్టొచ్చు. కాకపోతే ఓటీపీ నాయకుడి ఫోన్‌కు కాదు, ఓట్లేసినవాళ్ల ఫోన్లకు రావాలి.

ఊళ్లో దిగాక మర్యాదల్లోనూ తేడా ఉంటుంది. ఆయనకు క్రేన్‌తో గజమాల, మనకు ఆటోవాడితో బేరం. అయితే అరుగు మీది పెద్దలు మాత్రం పక్షపాతం చూపరు. ఎవరు కనబడినా "ఎప్పుడొచ్చావు?" అని, జవాబు వినకుండానే "మళ్లీ ప్రయాణం ఎప్పుడు?" అని అడుగుతారు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి ఆ మర్నాడు బయల్దేరతామని మనం చెప్తాం. నాయకుడు మాత్రం సర్వే చేతికొచ్చాక చెప్తానంటాడు.