కొండెక్కని రైలు కొండెక్కిన వైనం

నౌపడ నుంచి ఒడిశాలోని గుణుపురం దాకా నడిచిన చిన్న రైలును 2004 జూన్‌లో ఆపేశారని రైల్వే వారిని ఆడిపోసుకునేవాళ్లు శ్రీకాకుళం జిల్లాలో ఇప్పటికీ అక్కడక్కడా తగులుతుంటారు. వాళ్లకి పరిపాలన తెలీదు. నష్టాలు తెచ్చే రైలును ఆపక హారతిస్తారా? పైగా పట్టాల మధ్య ఎడం 762 మిల్లీమీటర్లు, అంటే రెండున్నర అడుగులు. పెద్ద లైనుకైతే 1676. ఆ తేడా మీటరు కూడా లేదు కదా అని వాదించేవాళ్లు ఉన్నారు గానీ, నాగరికతంతా ఆ 914 మిల్లీమీటర్లలోనే ఉందని వాళ్లకెవరు చెప్తారు!

అంతా బాగానే ఉంది, ఒక్కచోట చిక్కుపడింది. కల్కా–సిమ్లా రైలు పట్టాల ఎడం కూడా 762 మిల్లీమీటర్లే. దాని పొడవు 96 కిలోమీటర్లు, మనది 90. అది మొదలైంది 1903లో, మనది 1900లో. అది కొండల్లో నింపాదిగా పోతుంది, ఇది పొలాల్లో నింపాదిగా పోయేది. దానికి 2008లో యునెస్కో వారు ప్రపంచ వారసత్వ హోదా కట్టబెట్టారు. మనదానికి అంతకు నాలుగేళ్ల ముందే పాడె కట్టారు.

ఒకే కొలతలకి రెండు తీర్పులెలా వచ్చాయా అని చాలా ఆలోచించాక ఒక శాస్త్రీయ సూత్రం తట్టింది. వారసత్వాన్ని ఏళ్లలో కొలవరు, సముద్రమట్టం నుంచి మీటర్లలో కొలుస్తారు. సిమ్లా స్టేషను ఎత్తు 2,000 మీటర్ల పైమాటే. నౌపడ సంగతి చెప్పేదేముంది, ఉప్పు మళ్ల ఊరు. రైలు దిగితే ముందు పలకరించేది ఉప్పు గాలి. మంచు గాలి కోసం ఢిల్లీ నుంచి శాలువా కప్పుకుని వస్తారు గానీ, ఉప్పు గాలి కోసం ఎవరొస్తారు?

పాపం పర్లాకిమిడి రాజావారికి ఈ సూత్రం ముందే తెలియాల్సింది. కలకత్తా–మద్రాసు లైను తమ ఊరికి నలభై కిలోమీటర్ల దూరాన నౌపడ మీంచి పోతోందని, అంతదాకా వెళ్లడం కష్టంగా ఉందని, ఆయన సొంతంగా రైలు వేయించుకున్నారు. మొదటి పదేళ్లూ నష్టమే. 1910 తర్వాత కాస్త లాభం కంటబడింది, 1920ల్లో ఇంకాస్త. దాంతో హుషారొచ్చి 1931 కల్లా గుణుపురం దాకా పొడిగించారు. రైలన్నాక పదేళ్లు ఓపిక పట్టాలని ఒక జమీందారు అనుకున్నాడంటే, జమీందార్లకి లెక్కలు రావనడానికి వేరే రుజువెందుకు? పక్కనే 1,501 మీటర్ల మహేంద్రగిరి ఉండగా లైనును అటు తిప్పకుండా టెక్కలి వైపు వేయించడం ఇంకా పెద్ద పొరపాటు. వేసవిలో చల్లబడదామని వైస్రాయిలు సిమ్లా వెళ్లారు. టెక్కలి ఎండలో ఏ వైస్రాయి చల్లబడతాడు?

ఇక ఆఖరి రోజుల్లో ఆ రైల్లో ప్రయాణం ఎలా ఉండేదో చూస్తే, వారసత్వానికి అది ఎంత అనర్హమో తెలిసిపోతుంది. పెట్టె ఇరుకు. ఎదురు బల్ల మీది మనిషి మోకాళ్లు మన మోకాళ్లకి తగలకుండా కూచోవడం అయ్యేపని కాదు. అంచేత టెక్కలి దాటేసరికి ఊరూ పేరూ తెలిసిపోయేవి, పాతపట్నం వచ్చేసరికి చుట్టరికం తేలేది. "ఏటమ్మా, మీ గుంటడు ఏటి సదువుతున్నాడు?" అని ఎదుటావిడ అడిగిందంటే అది ఊసుపోక అడిగింది కాదు, సంబంధం మాట. తలుపుల దగ్గర పాల క్యాన్లు, బల్లల కింద అడ్డాకుల కట్టలు, చింతపండు బుట్టలు, ఒక పనసకాయ. ఆ పనసకాయ ఎవరిదో దిగేదాకా తేలదు. ఈ సరుకంతా ఊళ్ల మధ్య తిరగబట్టే సంతలు నడిచేవి. కానీ రైల్వే పద్దులో చింతపండుకి గడి లేదు, టిక్కెట్టుకే ఉంది. ఆ టిక్కెట్టేమో అందరూ కొనేవారని నేనూ ప్రమాణం చేయలేను.

ఆవిరింజను రోజుల్లో కిటికీ పక్కన కూచుంటే కంట్లో బొగ్గు నలుసు పడేది. పక్కనున్న ముసలావిడ చీర కొంగు చివరని ఉండలా చుట్టి, నోటి ఆవిరి పట్టి, ఆ వెచ్చదనం కంటికి అద్దేది. ఫీజు లేదు. 1990ల మొదట్లో డీజిలింజన్లు వచ్చి నలుసు పోయింది, దాంతోపాటు ఆ కంటాసుపత్రీ మూతపడింది. దీన్ని ఆధునికీకరణ అంటారు.

సిమ్లా రైలు సొరంగంలో దూరితే పెట్టెలో జనం కేరింతలు కొడతారు. అక్కడ నూటికి పైగా సొరంగాలున్నాయి కాబట్టి కేరింతలకు లోటు లేదు. మన రైలుకి గేదె అడ్డొస్తే అది ఆలస్యం. నిదానం ఒకటే, కొండ మీద దాని పేరు ప్రకృతి శోభ, పల్లంలో అసమర్థత.

ఇంకో పెద్ద లోపం, ఆ రైలుకి సరిహద్దులంటే లెక్కలేదు. పాతపట్నం మనది, మహేంద్రతనయ ఏరు దాటితే పర్లాకిమిడి ఒడిశాది. 1936లో పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపితే గిడుగు రామమూర్తి పంతులుగారంతటి మనిషే ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఈ రైలుకి మాత్రం చీమ కుట్టలేదు. తెలుగులో మొదలైన సీటు తగువును ఏరు దాటించి ఒడియాలో రాజీ చేసేది. రెండు రాష్ట్రాల ఉమ్మడి బిడ్డ జబ్బుపడితే ఆసుపత్రికి ఎవరు ఎత్తుకెళ్లాలి? మీరంటే మీరని ఇద్దరూ మర్యాదకి పోతారు.

పెద్ద లైనుకి 2002లో శంకుస్థాపన జరిగింది, 2004లో చిన్న రైలు ఆగింది, 2011లో పెద్ద రైలు గుణుపురం చేరింది. 90 కిలోమీటర్లకి చాలాసేపు తీసుకుంటోందని కదా చిన్నదాన్ని తప్పించాం! వేగం మాత్రం అదే దూరం రావడానికి ఏడేళ్లు తీసుకుంది. ఆ ఏడేళ్లూ జనం బస్సుల్లోనూ జీపుల్లోనూ కుక్కుకుని అభివృద్ధికి తమవంతు సహకరించారు.

వెటకారం పక్కనపెడితే, పెద్ద లైను కావలసిందే. గుణుపురం నుంచి మనిషిని విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్లేవాడికి నౌపడలో రైలు మారే ముచ్చట అక్కర్లేదు, నా బొగ్గు నలుసు కబుర్లూ అక్కర్లేదు. నా గొడవల్లా "గిట్టుబాటు కాదు" అనే మాటతోనే. కొండ రైళ్లూ డబ్బులు కురిపించడం లేదు. కానీ అక్కడి నష్టాన్ని పరిరక్షణ ఖర్చు అంటున్నారు. సెలవులకి వచ్చేవాడు ఎక్కితే వారసత్వం, సంతకి పోయేవాడు ఎక్కితే భారం. ఆ పనసకాయ మెడలో ఒక కెమెరా వేలాడేసి ఉంటే ఫైలు వేరేలా నడిచేదేమో.

అయినా రైల్వే వారు మరీ కఠినాత్ములు కారు. పాత ఇంజన్లలో ఒకటీ అరాను తుక్కు కింద పంపకుండా, శుభ్రంగా రంగులేసి, సిమెంటు దిమ్మె కట్టి దానిమీద నిలబెట్టారు. పిల్లలు ఫొటోలు దిగుతున్నారు. నేలమీద పరిగెత్తినంతకాలం భారమైంది, దిమ్మె ఎక్కగానే వారసత్వమైపోయింది. నా సూత్రం తప్పు కాదనడానికి ఇంతకంటే ఏం కావాలి? కాకపోతే దిమ్మె ఎత్తు ఒకట్రెండు అడుగులే. సిమ్లాతో సమానం కావాలంటే రైల్వే వారు ఇంకా 2,000 మీటర్ల పైచిలుకు సిమెంటు బాకీ.