డబ్బా అమ్మేవాళ్లనే సలహా అడగకండి తమ్ముళ్లూ

హనుమకొండ, కాజీపేట, వరంగల్ మూడింట్లోనూ ఇప్పుడు ఏ గల్లీకి పోయినా ఒక జిమ్ కనిపిస్తోంది. పిల్లలు పొద్దున్నే లేచి ఒళ్లు వంచుతున్నారంటే నాకు సంతోషమే. నా కోపమంతా వేరేచోట ఉంది. ఎక్సర్‌సైజ్ నేర్పే మనిషే ప్రోటీన్ డబ్బా అమ్ముతున్నాడు. నీ ఒంట్లో ఏం తక్కువైందో చెప్పేదీ ఆయనే, దానికి ఏం కొనాలో చెప్పేదీ ఆయనే, దాని మీద కమీషన్ తీసుకునేదీ ఆయనే. ఇట్లాంటి చోట నిజాయితీగల సలహా ఎట్లా దొరుకుతుంది? ట్రైనర్లందరూ చెడ్డవాళ్లని నేననను, మంచివాళ్లు నాకు తెలుసు. కానీ జీతం చాలక డబ్బాల మీద బతకాల్సి వస్తే, మంచివాడికి కూడా "నీకు ఇది అక్కర్లేదు తమ్ముడూ" అని చెప్పడం కష్టమవుతుంది.

హనుమకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో పొద్దున పరుగెత్తే పిల్లలకు నేను టైమింగ్ చూస్తుంటాను. ఎక్కువమంది కానిస్టేబుల్, ఎస్సై, అగ్నివీర్‌కు ప్రిపేర్ అయ్యేవాళ్లు. 2022 పోలీసు నోటిఫికేషన్‌లో మగపిల్లలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పెట్టారు. దానితోపాటు లాంగ్ జంప్, షాట్‌పుట్. పరకాల, నర్సంపేట, ములుగు, భూపాలపల్లి వైపు ఊళ్ల నుంచి వచ్చి సుబేదారిలోనో నయీంనగర్‌లోనో నలుగురు కలిసి ఒక రూమ్ తీసుకుంటారు. బాపు పత్తి అమ్మిన పైసల్లోంచి నెలకింత పంపిస్తాడు. అందులో కోచింగ్ ఫీజు, రూమ్ కిరాయి పోగా మిగిలిన దాంట్లోంచి రెండు వేలు, మూడు వేలు డబ్బాకు పోతున్నాయి. నా బాధ ఇక్కడే.

ఈమధ్య ఒక తమ్ముడు మాస్ గెయినర్, అంటే బరువు పెంచే పౌడర్, పట్టుకొచ్చి చూపించాడు. "అన్నా, జిమ్‌లో అన్న ఇచ్చిండు, నెలలో నాలుగు కిలోలు పెరుగుతవన్నడు" అన్నాడు. డబ్బా తిప్పి లేబుల్ చదివాం. వాడిన పదార్థాలను బరువు ప్రకారం, ఎక్కువ ఉన్నది ముందు వచ్చేట్టు రాయాలన్నది రూల్. అందులో మొదటి పేరు మాల్టోడెక్స్‌ట్రిన్. అంటే పిండి పదార్థం నుంచి తీసిన పొడి, ఒంట్లోకి పోగానే చక్కెర అయ్యేది. ప్రోటీన్ దాని తర్వాతే. బరువు పెరుగుతాడు, ఎందుకు పెరగడు? అన్నం రెండు ముద్దలు ఎక్కువ తిని, రెండు అరటిపండ్లు, గ్లాసు పాలు, గుప్పెడు పల్లీలు తిన్నా పెరుగుతాడు. పైగా వాడు 1600 మీటర్లు పరుగెత్తాల్సినవాడు. కొవ్వు రూపంలో పెరిగే ప్రతి కిలోనూ ఆ నాలుగు రౌండ్లూ వాడే మోయాలి. వాడి అవసరం ఏమిటో ఒక్క నిమిషం అడిగి ఉంటే ఆ డబ్బా వాడి చేతిలో పెట్టేవాళ్లే కాదు.

కాబట్టి నేను అందరికీ చెప్పేది, ముందు నీ కంచం లెక్క తీయమని. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మామూలు మనిషికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలు. గట్టిగా ట్రైనింగ్ చేసేవాళ్లకు 1.2 నుంచి 2 గ్రాముల దాకా కావాలని క్రీడా పోషకాహార నిపుణులు చెబుతారు. అరవై కిలోల పిల్లవాడికి మధ్యస్థంగా 1.6 వేసుకుంటే 96 గ్రాములు. ఇప్పుడు మన రూముల్లో, హాస్టళ్లలో తినేదేంటో చూడండి. పొద్దున ఉప్మానో ఇడ్లీనో, మధ్యాహ్నం బాగా అన్నం, నీళ్ల పప్పు, కాస్త పెరుగు, రాత్రి మళ్లీ అన్నం, ఏదో ఒక కూర. అంతా కలిపితే యాభై గ్రాములు దాటడం కష్టం. నిజంగానే నలభై, నలభై అయిదు గ్రాముల లోటు ఉంది. అందుకే డబ్బా అమ్మేవాళ్ల మాట నమ్మబుద్ధి అవుతుంది, ఎందుకంటే వాళ్లు చూపించే లోటు అబద్ధం కాదు.

కానీ ఆ లోటు పూడ్చడానికి ఏం కావాలి? మూడు కోడిగుడ్లలో 18 గ్రాములు వస్తాయి. ముప్పై గ్రాముల మీల్‌మేకర్‌లో 15, గుప్పెడు పల్లీల్లో 7, పెద్ద గ్లాసు పాలల్లో 6. నలభై ఆరు అయ్యాయి. వీటన్నిటికీ కలిపి ఇప్పటి ధరల్లో యాభై రూపాయలు అటూ ఇటూ. అంతే ప్రోటీన్ వే పౌడర్‌తో, అంటే పాల నుంచి తీసిన ప్రోటీన్ పొడితో, కావాలంటే రెండు స్కూపులు, అంటే ఓ మోస్తరు బ్రాండ్‌లో కూడా నూట యాభై పైనే. మీల్‌మేకర్‌ను మనవాళ్లు ఎందుకో చిన్నచూపు చూస్తారు, పెళ్లి బిర్యానీలో మటన్ బదులు వేసేదన్నట్టు. వంద గ్రాముల్లో యాభై గ్రాములకు పైగా ప్రోటీన్ ఉన్న సరుకు కిరాణా షాపులో అంత చవకగా ఇంకేం దొరుకుతుంది? ఉలవలు, పెసలు, బొబ్బర్లు, శనగలు మనింట్లోనే ఉన్నాయి. పెసలు రాత్రి నానబెట్టి పొద్దున పెసరట్టు వేసుకుంటే ఉప్మా కన్నా ఎంతో మేలు. ఆదివారం చికెన్ ఒక్కరోజే అరకిలో తినే బదులు అదే చికెన్‌ను మూడు రోజులకు పంచుకోండి.

ఇంత చెప్పాక వే పౌడర్ విషమని నేనంటున్నానని అనుకోవద్దు. అది చీజ్, పనీర్ చేసేటప్పుడు మిగిలే నీళ్లలోంచి తీసిన పాల ప్రోటీన్, అంతే. పూర్తిగా శాకాహారులై గుడ్డు కూడా ముట్టనివాళ్లకు, షిఫ్ట్ డ్యూటీలు చేస్తూ వంటకు టైమ్ లేనివాళ్లకు, రెండుపూటలా ప్రాక్టీస్ చేసే క్రీడాకారులకు అది పనికొస్తుంది. జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో కండల కోసం ప్రోటీన్ సప్లిమెంట్లు వద్దనే చెప్పింది. నేను అంత దూరం పోను. కంచం సరిచేసుకున్నాక కూడా లోటు మిగిలితే, పైసలు ఉంటే, కొనుక్కో. తిండి సగం మానేసి డబ్బా మీద బతకొద్దు.

కొనేటప్పుడు మాత్రం కళ్లు తెరిచి కొనాలి. 2024లో మన దేశంలో అమ్మే 36 ప్రోటీన్ పౌడర్లను పరీక్షించి ఒక వైద్య పత్రికలో ప్రచురించారు. వాటిలో దాదాపు 70 శాతం డబ్బాల మీద ప్రోటీన్ ఎంత ఉందన్న సమాచారం సరిగ్గా లేదు. కొన్నింట్లో బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్, కొన్నింట్లో పురుగుమందు అవశేషాలు కూడా దొరికాయి. పేరున్న బ్రాండా కాదా అన్న ఒక్క ప్రశ్నతో ఇది తేలదు. లేబుల్ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే కేంద్ర ఆహార భద్రతా సంస్థ, ఇచ్చిన 14 అంకెల లైసెన్స్ నంబర్ ఉండాలి, దాన్ని వాళ్ల వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే ఎవరి పేరు మీద ఉందో తెలుస్తుంది. విదేశీ సరుకైతే దిగుమతి చేసుకున్నవాళ్ల పేరు, అడ్రస్ ఉన్న స్టిక్కర్ ఉండాలి. స్టిక్కర్ లేని విదేశీ డబ్బా సగం ధరకు ఇస్తున్నారంటే వద్దనే చెప్పండి.

ఇంకొక మోసం చాలామందికి తెలియదు. ల్యాబ్‌లో ప్రోటీన్‌ను కొలిచే మామూలు పద్ధతిలో ప్రోటీన్‌ను నేరుగా కొలవరు, అందులో ఉన్న నత్రజనిని కొలిచి 6.25తో గుణిస్తారు. గ్లైసిన్, టారిన్ లాంటి చవక అమైనో యాసిడ్లు కలిపినా నత్రజని పెరుగుతుంది, కాగితం మీద ప్రోటీన్ పెరిగినట్టు కనిపిస్తుంది. వే పౌడర్ పదార్థాల జాబితాలో ఈ పేర్లు విడిగా కనిపిస్తే అనుమానించాల్సిందే. స్కూప్ 33 గ్రాములై ప్రోటీన్ 24 ఉంటే 73 శాతం, పర్వాలేదు. స్కూప్ 45 గ్రాములై ప్రోటీన్ 20 మాత్రమే ఉంటే మిగతా 25 గ్రాములు ఏమిటో అడగండి. "ప్రొప్రైటరీ బ్లెండ్" అని రాసి ఏది ఎంతుందో చెప్పని డబ్బాను నేనైతే షాపులోనే వదిలేస్తాను.

మిగతా సప్లిమెంట్లలో కండల బలానికి వాడే క్రియాటిన్ పొడి ఒక్కటే నాకు నమ్మకం ఉన్నది. మోనోహైడ్రేట్ రకం, రోజుకు 3 నుంచి 5 గ్రాములు, వేళతో పెద్దగా పని లేదు. ఏళ్ల తరబడి పరిశోధనలు జరిగిన సప్లిమెంట్ అది, ధర కూడా తక్కువే. షాట్‌పుట్, బరువులు, వంద మీటర్ల పరుగు వాళ్లకు ఉపయోగం ఉంటుంది. కండల్లో నీరు పట్టి కిలో, రెండు కిలోలు పెరుగుతారు కాబట్టి 1600 మీటర్లే లక్ష్యమైనవాళ్లు ఆలోచించుకోవాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ముట్టొద్దు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు కూడా రక్త పరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే లెక్క) కాస్త ఎక్కువ చూపించొచ్చు, డాక్టర్‌కు ముందే చెబితే అనవసరమైన టెన్షన్ ఉండదు. బీసీఏఏ, అంటే మూడు రకాల అమైనో యాసిడ్ల పొడి మీద పైసలు పెట్టకండి, సరిపడా ప్రోటీన్ తినేవాళ్లకు అవి అందులోనే వస్తున్నాయి.

ఎక్సర్‌సైజ్‌కు ముందు వేసుకునే ప్రీ వర్కవుట్ పొడి సంగతి వేరు, అక్కడ నాకు భయం. చాలావాటిలో ఒక్కో స్కూప్‌కు 200, 300 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది, అంటే రెండు మూడు కప్పుల గట్టి కాఫీ ఒక్క గుక్కలో. చేతులు, మొహం చురచురమంటే "ఎక్కింది అన్నా" అంటారు పిల్లలు. అది ఆ పొడిలో కలిపే బీటా అలనిన్ వల్ల చర్మానికి వచ్చే చురుకు, బలానికి గుర్తు కాదు. మన ఎండల్లో, ఏప్రిల్, మే నెలల్లో, సరిగా నీళ్లు తాగకుండా ఇది వేసుకొని, పైన ఫ్యాట్ బర్నర్ కూడా వేసుకొని పరుగెత్తడమంటే గుండెతో ఆడుకోవడమే. ఇక సిరంజీల సంగతి. మెఫెంటెర్మిన్ అనేది ఆపరేషన్ సమయంలో బీపీ పడిపోతే ఆస్పత్రిలో డాక్టర్లు ఇచ్చే ఇంజెక్షన్. దాన్ని జిమ్‌లకు అమ్ముతూ మన రాష్ట్రంలోనే కొందరు పట్టుబడ్డారు. ఎవరైనా "ఈవెంట్స్ రోజు ఇది వేసుకో" అంటే ఆ మనిషిని మళ్లీ దగ్గరికి రానీయకండి. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పండి.

ఆడపిల్లల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే వాళ్లకు ఎవరూ చెప్పడం లేదు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. గ్రౌండ్‌లో ఒక చెల్లె రెండో రౌండ్‌కే ఆయాసపడి కూర్చుంటే, "స్టామినా లేదు, ప్రోటీన్ తాగు" అనేవాళ్లే అందరూ. ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. 12 కన్నా తక్కువ ఉంటే ఎంత ఖరీదైన పౌడర్ తాగినా 800 మీటర్ల టైమింగ్ మారదు, రక్తం ఆక్సిజన్ మోయలేకపోతే కాళ్లేం చేస్తాయి? పీహెచ్‌సీలో, బస్తీ దవాఖానలో ఈ పరీక్షకు పైసలు తీసుకోరు, ఐరన్ మాత్రలూ అక్కడే ఇస్తారు. మాత్ర వేసుకున్నాక, అన్నం తిన్నాక వెంటనే చాయ్ తాగొద్దు, ఐరన్ ఒంటికి పట్టకుండా చేస్తుంది. నిమ్మకాయ పిండుకుంటే బాగా పడుతుంది. ఒక ఆడపిల్ల ఫిట్‌నెస్‌కు సంబంధించి మన దగ్గర అన్నిటికన్నా ఎక్కువ పనిచేసే సప్లిమెంట్ ఈ ఐరన్ మాత్రే, దీని మీద కమీషన్ లేదు కాబట్టి ఎవరూ ప్రచారం చేయరు.

పోటీల్లో పాల్గొనే పిల్లల తల్లిదండ్రులకు, పీఈటీ సార్లకు ఇంకో మాట. మన పర్వతగిరి మండలం కల్లెడ బిడ్డ జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం గెలిచింది. ఆ దారిలో నడవాలని కలగనే పిల్లలు మన జిల్లాల్లో ఇంకా ఉన్నారు. వాళ్లకు తెలియాల్సింది ఏమిటంటే, డోపింగ్ నిబంధనల్లో "నాకు తెలియదు, డబ్బాలో కలిసిందేమో" అంటే తప్పించుకోలేరు. నిషేధిత పదార్థం ఒంట్లో దొరికిందంటే బాధ్యత ఆటగాడిదే, రెండేళ్లు, నాలుగేళ్లు కూడా నిషేధం పడొచ్చు. 2023లో మన దేశంలో పరీక్షించిన శాంపిళ్లలో 3.8 శాతం పాజిటివ్ వచ్చాయి, ఎక్కువ పరీక్షలు చేసే దేశాల్లో అదే అందరికన్నా ఎక్కువ. అందులో కావాలని చేసినవాళ్లు ఉంటారు, తెలియక మింగినవాళ్లూ ఉంటారు. జిల్లా స్థాయి దాటి ఆడే పిల్లలకు సప్లిమెంట్ తప్పనిసరైతే, ప్రతి బ్యాచ్‌నూ నిషేధిత పదార్థాల కోసం పరీక్షించిన ఇన్‌ఫార్మ్‌డ్ స్పోర్ట్ లాంటి గుర్తు ఉన్నదే కొనండి, బ్యాచ్ నంబర్ కలుస్తుందో లేదో వాళ్ల సైట్‌లో చూసుకోండి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు మాత్రం గుడ్లు, పాలు, పప్పు చాలు, డబ్బా జోలికే పోకండి.

జిమ్ నడిపే అన్నలను కూడా అడుగుతున్నాను. ఫీజు వంద పెంచండి, ట్రైనర్‌కు బతికేంత జీతం ఇవ్వండి, కౌంటర్ మీది డబ్బాలు తీసేయండి. అమ్మక తప్పదంటే కనీసం లైసెన్స్ ఉన్న సరుకు బిల్లుతో అమ్మండి. బిల్లు ఇవ్వనివాళ్ల దగ్గర ఏదీ కొనొద్దని నేను మా గ్రౌండ్ పిల్లలకు చెబుతూనే ఉంటాను.

ఎవరి దగ్గరైనా ఇప్పటికే కొన్న డబ్బా ఉంటే పారేయకండి, దాచుకోకండి. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు పొద్దున రండి, లేబుల్ ఫోటో తెచ్చుకోండి, నిన్న పొద్దున్నుంచి రాత్రిదాకా ఏం తిన్నారో ఒక కాగితం మీద రాసుకొని రండి. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. చెల్లెలు ఎవరైనా రావడానికి మొహమాటపడితే హిమోగ్లోబిన్ రిపోర్ట్ కామెంట్‌లో పెట్టకండి, ఇంట్లో అమ్మనో అక్కనో తీసుకొని నేరుగా పీహెచ్‌సీకి పోండి.