మందు కొట్టని మడి చెప్పే పాఠం

పుస్తకం గొప్పదా, అనుభవం గొప్పదా అన్న వాదన వచ్చినప్పుడల్లా మనవాళ్ళు అనుభవం వైపే మొగ్గుతారు. "చదవకముందు కాకరకాయ, చదివాక కీకరకాయ" అన్న సామెత సిద్ధంగా ఉండనే ఉంటుంది. వ్యవసాయం మాట వస్తే ఈ మొగ్గు మరీ ఎక్కువ. ముప్ఫై నలభై ఏళ్ళుగా మట్టిలో ఉన్న మనిషికి నిన్నగాక మొన్న డిగ్రీ పుచ్చుకుని వచ్చిన కుర్రవాడు చెప్పేదేమిటి అంటారు. ఆ మాటలో రైతు పట్ల గౌరవం ఉంది కాబట్టి కాదనడం కష్టం. అయినా కాదనక తప్పదు. వరి పొలాల్లో పురుగుమందుల చరిత్ర చూస్తే, అనుభవమే రైతును ఏళ్ళ తరబడి తప్పుదారి పట్టించిన సందర్భాలు కనిపిస్తాయి.

ఆకుముడత సంగతే తీసుకుందాం. నాటిన కొన్ని వారాలకే వరి ఆకులు అంచులు కలుపుకుని గొట్టంలా చుట్టుకుంటాయి. లోపల చేరిన లేతాకుపచ్చ పురుగు పత్రహరితాన్ని గీకి తింటుంది. ఆకు మీద తెల్లటి చారలు పడతాయి. ఉధృతి ఎక్కువైతే గట్టు మీద నుంచి చూసినా చేను తెల్లబడినట్టు కనిపిస్తుంది. రైతు గుండె గుభేలుమంటుంది. మందు తెచ్చి కొడతాడు. కొద్ది రోజులకు చేను మళ్ళీ పచ్చగా తేరుకుంటుంది. మరుసటి ఏడాదీ ఇదే తంతు. ఇలా ఇరవై ఏళ్ళు గడిస్తే, "మందు కొట్టకపోతే చేను దక్కదు" అన్న మాట ఇరవై ఏళ్ళ అనుభవంగా స్థిరపడిపోతుంది.

జరిగింది మాత్రం వేరు. పిలకలు వేసే వయసులో వరి కొత్త ఆకులు తొడుగుతూనే ఉంటుంది. ఆ దశలో కొంత ఆకు పోయినా సాధారణంగా దిగుబడి తగ్గదు. మందు కొట్టినా కొట్టకపోయినా ఆ చేను తేరుకునేదే. ఈ సంగతి రైతు కళ్ళారా తెలుసుకోవాలంటే పక్కనే మందు కొట్టని మడి ఒకటి ఉండాలి. అలాంటి మడిని ఎవరు ఉంచుతారు? చేనంతటికీ మందు పడ్డాక, పడకపోతే ఏమయ్యేదో చెప్పే సాక్షి మిగలదు.

పైగా రైతు చేతికి వచ్చే అవకాశాలూ తక్కువే. ఏడాదికి ఒకటో రెండో పంటల చొప్పున జీవితకాలంలో అరవై డెబ్బై పంటలు తీసినా, ఏ రెండూ ఒకేలా ఉండవు. ఒక ఏడాది వాన ముందొస్తుంది, ఒక ఏడాది కాలువ ఆలస్యమవుతుంది, ఒకసారి విత్తనం మారుతుంది, ఇంకోసారి యూరియా ఎక్కువ పడుతుంది. దిగుబడి పెరిగినా తగ్గినా కారణం వీటిలో ఏదో తేల్చడం ఎంత తెలివైనవాడికైనా సాధ్యం కాదు. ఇది రైతు తెలివికి సంబంధించిన లోపం కానే కాదు. ఒక్క మనిషి, ఒక్క పొలం, ఒక్కొక్క పంటగా చూసినంత కాలం ఎవరికైనా ఇంతే.

వియత్నాంలో మెకాంగ్ డెల్టా రైతుల విషయంలో ఇది స్పష్టంగా బయటపడింది. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు, స్థానిక అధికారులు 1994లో లాంగ్ ఆన్ రాష్ట్రంలో ఒక ప్రచారం మొదలుపెట్టారు. వాళ్ళు రైతులకు ఉపన్యాసాలతో సరిపెట్టలేదు. "మీ పొలంలోనే ఒక చిన్న భాగం వదిలి, అక్కడ మొదటి 40 రోజులు పురుగుమందు కొట్టకండి. కోతలప్పుడు మీరే తూచి చూసుకోండి" అన్నారు. రేడియో నాటికల ద్వారా కూడా ఈ మాటే చెప్పారు. రైతులు తూచి చూసుకున్నారు. తేడా కనిపించలేదు. ప్రచారం సాగిన ప్రాంతంలో పురుగుమందుల వాడకం దాదాపు సగానికి పడిపోయింది. అంతకుముందు వాళ్ళకు అనుభవం కరువై కాదు, దాన్ని పోల్చి చూసుకునే మడి లేక అవసరం లేని మందు కొట్టారు.

సుడిదోమ కథ ఇంకా లోతైనది. ఈ దోమ ఆకుల మీద కనిపించదు. ఒంగి, దుబ్బును రెండు చేతులతో విడదీసి, నీళ్ళకు కాస్త పైన మొదళ్ళ దగ్గర చూస్తే, గోధుమ రంగులో గుంపులుగా రసం పీలుస్తూ ఉంటుంది. చేయి తగిలితే పక్కకు పక్కకు జరుగుతుంది. అక్కడే సాలీళ్ళుంటాయి, దోమ గుడ్లను వెతికి తినే మిరిడ్ నల్లులుంటాయి. పైనుంచి కొట్టిన మందు ఒత్తుగా పెరిగిన ఆకుల మీదే చాలావరకు నిలిచిపోతుంది, మొదళ్ళలోని దోమకు సరిగా అందదు. కాండాన్ని చుట్టి ఉండే ఆకు తొడుగుల లోపల దాగిన దోమ గుడ్లకు అసలే తగలదు. దుబ్బుల మధ్య తిరుగాడే సాలీళ్ళు, నల్లులు మాత్రం చస్తాయి. కొద్ది రోజుల్లో గుడ్లు పొదిగి కొత్త తరం దోమ బయటికి వస్తుంది. ఈసారి దాన్ని తినేవి ఉండవు. చేను గుండ్రంగా సుడులు సుడులుగా ఎండుతుంది. రైతు ఏమనుకుంటాడు? "మందు చాలలేదు" అనుకుంటాడు. ఇంకాస్త ఘాటు మందు తెస్తాడు. తన కళ్ళతో చూసినదాని నుంచే ఆ నిర్ణయానికి వస్తాడు కాబట్టి దాన్ని కదిలించడం చాలా కష్టం.

ఇక్కడ పుస్తకాన్ని వెనకేసుకురావడం కూడా నా ఉద్దేశం కాదు. హరిత విప్లవం రోజుల్లో నాటిన ఇన్ని రోజులకు ఒక మందు, ఆపైన ఇన్ని రోజులకు మరొకటి అంటూ పట్టిక గీసి ఇచ్చింది పుస్తకం చదివినవాళ్ళే. పురుగు ఉందా లేదా అని చూడనక్కర్లేని పట్టిక అది. ఇండోనేషియా ప్రభుత్వం మందుల ఖరీదులో చాలా భాగం తానే భరించి మరీ వాటిని రైతుల చేత వాడించింది. 1984లో బియ్యంలో స్వయంసమృద్ధి సాధించామని చెప్పుకున్న ఆ దేశం, ఆ వెంటనే సుడిదోమ దెబ్బకు విలవిలలాడింది. చివరికి 1986లో వరిలో 57 రకాల పురుగుమందులను అక్కడి అధ్యక్షుడు నిషేధించాల్సి వచ్చింది.

ఆ తర్వాత 1989లో అక్కడే, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో పుట్టిందే పొలంబడి. వారానికోసారి పాతిక ముప్ఫై మంది రైతులు పొలంలోకి దిగుతారు. దుబ్బులు విడదీసి ఏ పురుగులు ఎన్ని ఉన్నాయో లెక్కపెడతారు. మొక్క బొమ్మ గీసి, ఒక పక్క హాని చేసే పురుగుల్ని, మరో పక్క మిత్ర పురుగుల్ని గీస్తారు. సాలీడును, దోమల్ని ఒకే సీసాలో వేసి గుడ్డ కట్టి, మర్నాడు ఎన్ని దోమలు మిగిలాయో చూస్తారు. కొన్ని మొక్కల ఆకులు కావాలనే కత్తిరించి, దిగుబడి తగ్గుతుందేమో గమనిస్తారు. ఏది గమనించాలో పుస్తకం చెప్పింది, గమనించింది రైతు. దోమ చేనులో ఏ మూల మొదలవుతుందో, నీళ్ళు ఆరని పల్లం ఎక్కడుందో ఆ రైతుకు తెలిసినంతగా ఏ శాస్త్రవేత్తకూ తెలియదు.

ఈ పొలంబడి మన దగ్గరికీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ శాఖ చాలా ఏళ్ళుగా నడుపుతోంది. కానీ మన రైతుకు అసలు బడి మరొకటి ఉంది. అది పురుగుమందుల దుకాణం. తెగులు సోకిన ఆకు పట్టుకుని రైతు మొదట వెళ్ళేది అక్కడికే. ఈ వాస్తవాన్ని గుర్తించే హైదరాబాద్‌లోని జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ 2003లో డీలర్ల కోసం ఏడాది డిప్లొమా కోర్సు ప్రవేశపెట్టింది. మంచి పనే. అయితే ఎంత చదువుకున్నా, మందు అమ్మి బతికే మనిషి మందు అక్కర్లేదని ఎన్నిసార్లు చెప్పగలడు? ఊళ్ళో చాలామంది అదే దుకాణంలో అప్పు మీద మందు తెచ్చుకుంటారు. 1997-98లో వరంగల్ పత్తి రైతులు పొగాకు లద్దెపురుగు మీద మందు వెంట మందు కొట్టి, అప్పుల్లో కూరుకుపోయి ప్రాణాలు తీసుకున్న రోజులు మనం మరిచిపోకూడదు.

అదే తెలంగాణలో, నేటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని పునుకుల గ్రామం 2000ల మొదట్లో పురుగుమందులు మానేసింది. ఊళ్ళో కొందరు ముందు మానేశారు, మిగతావాళ్ళు వాళ్ళ చేలు చూసి మానేశారు. పక్క చేను కళ్ళెదుట కనిపించడమే అక్కడ పనిచేసింది.

మరి ప్రతి రైతూ కాస్త మడి మందు కొట్టకుండా ఎందుకు వదలడు? భయం. ఆ భయం న్యాయమైనది. కౌలు కట్టాలి, అప్పు తీర్చాలి, ప్రయోగాలకు తాహతు లేదు. ఆ నష్టభయాన్ని ప్రభుత్వం తన మీద వేసుకోవాలని నా వాదన. ఎకరంలో 5 సెంట్లు వదలమందాం. ఎకరాకు 75 కిలోల బస్తాలు 30 పండే చోట, ఆ 5 సెంట్లు పూర్తిగా పోయినా నష్టం బస్తాన్నర. 2025-26 సాధారణ రకం మద్దతు ధర క్వింటాకు రూ.2,369 లెక్కన అది రూ.2,700 లోపే. పూర్తిగా పోవడమన్నది అరుదు కాబట్టి చెల్లించాల్సింది అంతకన్నా చాలా తక్కువే ఉంటుంది. ఊరికి పది మందితో ఈ మడులు పెట్టించి, కోతల రోజు ఊరందరి ముందు రెండు కుప్పలూ తూయించాలి. తగ్గితే ఆ తరుగు అక్కడికక్కడే చెల్లించాలి. ఆ పది మందిలో సగమైనా కౌలు రైతులుండాలి. ఒక్క పంట దెబ్బతింటే తిరిగి లేవలేనివాళ్ళు వాళ్ళు. అవసరం లేని మందుకు పెట్టే ప్రతి రూపాయీ వాళ్ళకు వడ్డీతో సహా తీర్చాల్సిన అప్పు.