మొదటి బంతి పప్పు, రెండో బంతీ పప్పే

‘ఎస్టాబ్లిష్ ద రన్’ అన్న మాటని అమెరికన్ ఫుట్‌బాల్ వ్యాఖ్యాతలు ఎంత భక్తిగా పలుకుతారో మీకు తెలిసిందే. తెలుగులో దీన్ని ‘పరుగు ప్రతిష్ఠ’ అనాలి. బంతిని రన్నింగ్ బ్యాక్ (బంతి మోస్తూ పరిగెత్తేవాడు) పొట్టకి అదిమి పెట్టి, ఎదురుగా ఉన్న ఆటగాళ్ళ గోడలోకి పంపాలి. గోడ కూలకపోతే? మళ్ళీ పంపాలి. గజాలెన్ని వచ్చాయని అడగడం అపచారం. ఇది పుణ్యం కోసం చేసే పని.

2024 నవంబర్ 30న ఒహాయో స్టేట్ యూనివర్సిటీ జట్టు వారు సొంతూరు కొలంబస్‌లో, లక్షమందికి పైగా జనం చూస్తుండగా, చిరకాల ప్రత్యర్థి మిషిగన్ మీద ఈ క్రతువు జరిపించారు. 26 సార్లు పరిగెత్తి 77 గజాలు. సగటున మూడు గజాలు కూడా లేవు. ఈ ఊరికి ఇలవేల్పు పాత కోచ్ వూడీ హేస్. 1951 నుంచి 1978 దాకా ఆయన ఆడించిన ఆటకి ‘మూడు గజాలు, ఓ దుమ్ము మేఘం’ అని పేరు. ఈ భక్తులకి ఆ మూడు గజాలూ దక్కలేదు. దుమ్మంటారా, మైదానంలో ఇప్పుడున్నది ప్లాస్టిక్ గడ్డి.

ఈ ఆటలో పది గజాలు దాటడానికి నాలుగు డౌన్‌లు, అంటే నాలుగు ప్రయత్నాలు, ఇస్తారు. మనం వాటిని బంతులనుకుందాం, పెళ్ళి భోజనాల బంతులు. ఖర్చుకి లోటు లేదు. ఆటగాళ్ళకి ఏడాదిలో దాదాపు రెండు కోట్ల డాలర్లు ముట్టాయని 2024లో కాలేజీ అధికారే చెప్పారు. వంటింట్లో మూడు గంగాళాలు పొగలు కక్కుతున్నాయి: జెరెమయా స్మిత్, ఎమెకా ఎగ్‌బుకా, కార్నెల్ టేట్. దేశంలో ఏ జట్టైనా కళ్ళకద్దుకునే రిసీవర్లు, అంటే విసిరిన బంతిని పట్టుకుని దూసుకుపోయేవాళ్ళు. వాళ్ళకి వేసే పాసు మన కూర, గోడలోకి పరుగు మన పప్పు.

మొదటి బంతి కూర్చుంది. పప్పు వడ్డించారు. రెండో బంతి కూర్చుంది. పప్పే. కూరేదండీ అని వియ్యంకుడు అడిగితే, “ముందు పప్పు ఎస్టాబ్లిష్ కావాలి బావగారూ” అన్నాడు వడ్డన పెద్ద. మూడో బంతికి అందరికీ ఆకలి, టెన్షన్. కూరని వంటింటి గుమ్మంలోంచే విసరడం మొదలెట్టారు. ఆ రోజు విసిరినవాటిలో రెండు తిన్నగా వెళ్ళి మిషిగన్ వాళ్ళ విస్తట్లో పడ్డాయి. పోనీ తాంబూలమైనా ఇచ్చి పంపుదామని కిక్కర్‌ని (గోల్ స్తంభాల మధ్యకి బంతి తన్ని పాయింట్లు తెచ్చేవాణ్ణి) పిలిస్తే, ఆ కుర్రాడు రెండుసార్లు తాంబూలాన్ని వీధిలోకి విసిరాడు. విరామానికి కాస్త ముందు ఎవరో పొరపాటున స్మిత్ గంగాళం మూత తీశారు. టచ్‌డౌన్! జనం లొట్టలేశారు. వెంటనే తప్పు తెలుసుకుని మూత పెట్టేశారు. రెండో సగంలో ఒహాయో స్టేట్ స్కోరు సున్నా. ఆట పోయింది, 13-10. ఇరవై పాయింట్ల తేడాతో గెలుస్తారని పందెగాళ్ళు లెక్కగట్టిన ఆట.

లెక్కలవాళ్ళు వెంటనే చెయ్యెత్తుతారు: పాసులు 33 వేశారు కదండీ అని. వేశారు. రెండు బంతులు పప్పు మింగి, ఎనిమిది గజాలు బాకీ పడ్డాక వేశారు.

పోనీ ఆ గోడ ఎలాంటిది? మధ్యలో మేసన్ గ్రాహమ్, కెన్నెత్ గ్రాంట్. ఇద్దరూ కలిసి దాదాపు 300 కిలోలు. మరుసటి ఏప్రిల్‌లో ఇద్దర్నీ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ వాళ్ళు ఆటగాళ్ళ ఎంపికలో మొదటి రౌండ్‌లోనే ఎగరేసుకుపోయారు. ఇటు ఒహాయో స్టేట్ వరుసలో నడుమ నిలబడే సెంటర్ మెక్‌లాఫ్లిన్ మడమ నరం తెగి అప్పటికే మూలన పడ్డాడు. అటు రిసీవర్లని కాపలా కాసే మిషిగన్ కార్నర్‌బ్యాక్‌లలో మేటి విల్ జాన్సన్ కూడా గాయంతో ఆడటం లేదు. అంటే గోడ నడుమ ఉంది, పక్కన తలుపు తీసి ఉంది. మా ఇంట్లో మూడో క్వార్టర్‌కల్లా పిల్లలు బంతి కదలకముందే “మిడిల్!” అని కోరస్‌గా అరుస్తున్నారు. తొమ్మిదేళ్ళ పిల్లకి ముందే తెలిసిన ఆట 145 కిలోల గ్రాహమ్‌కి తెలియదా?

మిషిగన్ కూడా పరుగుతోనే గెలిచింది, నిజమే. వాళ్ళ రన్నింగ్ బ్యాక్ మలింగ్స్ 32 సార్లు బంతి మోశాడు. వాళ్ళ పాసులన్నీ కలిపితే 62 గజాలు. పాపం, వాళ్ళ వంటింట్లో ఉన్నదే పప్పు.

ఆ సాయంత్రం అసలు ప్రతిష్ఠ ఆట అయ్యాక మొదలైంది. మిషిగన్ కుర్రాళ్ళు తమ జెండాని మైదానం నడిబొడ్డున పాతబోయారు. కొట్లాట. పోలీసులు పెప్పర్ స్ప్రేతో తీర్థం చల్లారు.

77 గజాలని తేలిగ్గా రాసేశాను కానీ, వాటిని మోసిన వాళ్ళున్నారు. ట్రెవియన్ హెండర్సన్, క్విన్‌షాన్ జడ్కిన్స్. ఖాళీ జాగా చూపిస్తే గాలిలా పోయే కుర్రాళ్ళు. వాళ్ళని తీసుకెళ్ళి ఆ 300 కిలోల కిందకి తోశారు, లేపారు, మళ్ళీ తోశారు. ఎందుకు? 2021లో మిషిగన్ వీళ్ళ మీద 297 గజాలు పరిగెత్తి పరువు తీసింది. 2023లో లూ హోల్ట్జ్ అనే పెద్దాయన, మీకంటే బలంగా ఢీకొట్టే జట్ల చేతిలో ఓడిపోతారని ఓ మాటన్నాడు. హెడ్ కోచ్ ర్యాన్ డేకి అది ముల్లులా గుచ్చుకుంది. మేం మెత్తవాళ్ళం కాదని చూపించాలి! చూపించండి, మీ ఒళ్ళు అడ్డం పెట్టి చూపించండి. మీ రోషానికి ఇరవై రెండేళ్ళ వాడి పక్కటెముకలు ఎందుకు?

ఓడినా జాతీయ టైటిల్ పోటీలో చోటు దక్కింది. మూడు వారాలకి టెనెసీతో ఆట. బంతి మొదటిసారి చేతికి రాగానే గంగాళం మూత తీశారు, స్మిత్ టచ్‌డౌన్ చేశాడు. 42-17. 2025 జనవరి 20న ఫైనల్‌లో నోటర్ డామ్ మీద, ఆట చివర్లో, మూడో డౌన్, 11 గజాలు కావాలి. విసిరారు. స్మిత్ చేతికి, 56 గజాలు. అదే ఫైనల్‌లో జడ్కిన్స్‌కి 11 పరుగుల్లోనే 100 గజాలు. కూర పడ్డాక పప్పు కూడా అమృతంలా ఉంది.

కప్పొచ్చాక ఇప్పుడేమో “నవంబర్‌లో ఓడటమే మంచిదైంది, అదే మమ్మల్ని మార్చింది” అనే కబుర్లు. అయ్యా, నవంబర్‌లో కూడా గరిటె మీ చేతిలోనే ఉంది కదా!